ఒకే తాడు, రెండు ప్రశ్నలు

2019 జూన్‌లో హనుమకొండలో డాబా మీద తల్లి పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పాపను ఒక యువకుడు ఎత్తుకుపోయాడు. పాప ప్రాణాలతో తిరిగి రాలేదు. రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 8న, వరంగల్ కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను చివరి ఊపిరి వరకు జైలుగా మార్చింది. నేరం అదే, సాక్ష్యం అదే, చట్టమూ అదే. నేరం జరగలేదని రెండు కోర్టుల్లో ఏదీ అనలేదు. తేడా వచ్చిందల్లా, ఇంత ఘోరానికి ఏ శిక్ష తగుతుందన్న దగ్గరే.

పసిపిల్లల మీద లైంగిక నేరం చేసినవాడిని ఉరి తీయాలా అన్న ప్రశ్న పైకి ఒక్కటిగానే కనిపిస్తుంది. విప్పి చూస్తే రెండు. పిల్లను చెరిచి చంపినవాడిని ఏం చేయాలన్నది ఒకటి. చెరిచి, ప్రాణంతో వదిలినవాడిని ఏం చేయాలన్నది రెండోది. మొదటిదానికి ఉరి మన చట్టంలో ఎప్పటినుంచో ఉంది, హత్యానేరం కింద. 2018 తర్వాత కొత్తగా చేరింది రెండోదానికి. టీవీ స్టూడియోల్లో, అసెంబ్లీ ప్రసంగాల్లో మొదటి రకం కేసును చూపించి రెండో రకం చట్టాన్ని అడుగుతారు. వ్యతిరేకించేవారు దీన్నే తిరగేసి, రెండోదానికి పనికొచ్చే వాదనతో మొదటిదానికీ జవాబు చెప్పబోతారు. చర్చ ఇంతగా చిక్కుపడటానికి సగం కారణం అదే.

చట్టం నడిచిన దారి

బాలలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం 2012 నవంబర్ 14న, బాలల దినోత్సవం నాడు అమల్లోకి వచ్చింది. ఆడపిల్లా మగపిల్లాడా అన్న తేడా లేకుండా పద్దెనిమిదేళ్లలోపు వారందరికీ వర్తించే చట్టం అది. అందులో అప్పుడు ఉరి లేదు. నెల తిరగ్గానే ఢిల్లీ బస్సులో సామూహిక అత్యాచార ఘటన జరిగింది. జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ లీలా సేథ్, గోపాల్ సుబ్రమణ్యంల కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. అత్యాచారానికి మరణశిక్ష వద్దనీ, ఘోరమైన కేసుల్లో బతికినంతకాలం జైల్లో ఉంచవచ్చనీ చెప్పింది. ప్రభుత్వం దాన్ని పూర్తిగా వినలేదు, పూర్తిగా కాదనలేదు. బాధితురాలు చనిపోయినా, తిరిగి కోలుకోలేని అచేతన స్థితిలోకి జారినా, నేరస్థుడు అదే నేరం మళ్లీ చేసినా ఉరి వేయవచ్చని 2013లో శిక్షాస్మృతిని సవరించింది. రెండేళ్ల తర్వాత లా కమిషన్ తన 262వ నివేదికలో, ఉగ్రవాద నేరాలకు, దేశంపై యుద్ధానికి తప్ప మిగతా అన్నిటికీ మరణశిక్ష ఎత్తేయమంది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

2017 డిసెంబర్‌లో మధ్యప్రదేశ్ అసెంబ్లీ పన్నెండేళ్లలోపు బాలికలపై అత్యాచారానికి ఉరి అంటూ బిల్లు పెట్టి ఆమోదించింది. మరుసటి నెలలో జమ్మూలోని కఠువాలో ఎనిమిదేళ్ల పాప హత్యకు గురైంది. ఆ కేసు వివరాలు బయటకొచ్చాక దేశమంతా ఉడికిపోయింది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. దాని స్థానంలో ఆగస్టులో చట్టం వచ్చింది. పన్నెండేళ్లలోపు బాలికపై అత్యాచారానికి కనీసం ఇరవై ఏళ్లు, గరిష్ఠంగా ఉరి. ఆర్డినెన్స్ వచ్చీరాగానే ఢిల్లీ హైకోర్టు కేంద్రాన్ని ఒక మాట అడిగింది: ఉరికి భయపడి ఈ నేరాలు తగ్గుతాయని ఏదైనా అధ్యయనం చేయించారా? దానికి జవాబుగా ఏ అధ్యయనమూ రాలేదు. ఇక కఠువా కేసు సంగతి. కొత్త చట్టం వెనకటి నేరాలకు వర్తించదు, పైగా అప్పట్లో జమ్మూ కశ్మీర్ శిక్షాస్మృతి వేరు. 2019 జూన్‌లో పఠాన్‌కోట్ కోర్టు ప్రధాన నిందితులు ముగ్గురికీ యావజ్జీవమే వేసింది. ఏ పాప పేరు మీద ఉరి చట్టం వచ్చిందో ఆ పాప కేసులో ఉరి పడలేదు.

2018 సవరణలో ఒక లోపం ఉంది. అది ఆడపిల్లలకే పరిమితం. మగపిల్లల మీద జరిగే నేరానికి అంత శిక్ష లేదు. 2019 ఆగస్టులో పోక్సో ఆరో సెక్షన్‌ను సవరించి ఆ తేడా తీసేశారు, తీవ్రతరమైన లైంగిక దాడికి ఉరిని చేర్చారు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత ఇంకో అడుగు వేసి, పద్దెనిమిదేళ్లలోపు బాలికపై సామూహిక అత్యాచారానికి కూడా ఉరి పెట్టింది. అంతకుముందు ఆ గీత పన్నెండేళ్ల దగ్గర ఉండేది.

ఆంధ్రప్రదేశ్ దారి వేరు. 2019 డిసెంబర్ 13న అసెంబ్లీ దిశ బిల్లును ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు, అత్యాచారానికి ఉరి అన్నారు. కేంద్ర చట్టంతో ముడిపడ్డ బిల్లు కనుక రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది రాలేదు. చట్టం రాకముందే దాని పేరు పోలీస్‌స్టేషన్ల బోర్డుల మీదికీ, ఫోన్లలో యాప్ మీదికీ ఎక్కేసింది.

తెలుగునాట ఉరి మాట

తెలుగువాళ్లకు ఉరి చర్చ కొత్తదేమీ కాదు. 1974లో ఈడిగ అన్నమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక యువతి ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చారు. అదీ తల్లీబిడ్డల హత్య కేసే. నేరంతోపాటు నేరస్థురాలి బతుకును కూడా తూకం వేసిన ఆ తీర్పును, 'అరుదైన వాటిల్లోకెల్లా అరుదైన' కేసుల్లోనే ఉరి అన్న 1980 నాటి బచన్ సింగ్ తీర్పులో కూడా చర్చించారు. 1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీలో, ముషీరాబాద్ జైల్లో రైతు ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. 1993 నాటి చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరు దళిత యువకులకు పడ్డ ఉరి, హక్కుల సంఘాల సుదీర్ఘ పోరాటం తర్వాత రాష్ట్రపతి క్షమాభిక్షతో తప్పింది. హక్కుల నేతలు కన్నబిరాన్, బాలగోపాల్‌ల తరం మరణశిక్షను వ్యతిరేకించింది ఈ కేసుల మధ్య నిలబడే. అక్కడ ఉరికంబం ఎక్కేవాడు పేదవాడు, తాడు పట్టుకున్నది రాజ్యం. ఎవరి పక్షాన నిలబడాలో ఆలోచించనక్కర్లేదు.

పసిపిల్ల కేసు వచ్చేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ బలహీనులు బాధితులే, చాలాసార్లు వాళ్లూ పేదవాళ్లే. హాజీపూర్ బావుల్లో శవాలై తేలిన బాలికలు, చిత్తూరు జిల్లాలో పెళ్లింటికి వెళ్లి తిరిగి రాని పాప. ఈ రెండు కేసుల్లోనూ 2020 ఫిబ్రవరిలో నల్గొండ, చిత్తూరు కోర్టులు ఉరి వేశాయి. ఉరి వద్దనే మాటకు తెలుగునాట ఒకప్పుడున్న జనబలం ఈ కేసుల ముందు కరిగిపోయింది. హక్కుల సంఘాలు తమ పాత వాదననే వినిపించాయి గానీ, కొత్త ప్రశ్నకు కొత్త జవాబు తయారు చేసుకోలేదు. ఆ ఖాళీలోకి వచ్చింది ఎన్‌కౌంటర్. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని కాల్చి చంపినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. ఆ నలుగురూ చనిపోవాలన్న ఉద్దేశంతోనే పోలీసులు కాల్పులు జరిపారనీ, వారిలో ముగ్గురు మైనర్లనీ 2022లో బయటికొచ్చిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక తేల్చింది. 2021 సెప్టెంబర్‌లో సైదాబాద్‌లో ఆరేళ్ల పాప హత్య జరిగినప్పుడు సాక్షాత్తూ ఒక మంత్రే, నిందితుణ్ణి ఎన్‌కౌంటర్ చేస్తామని మైకు ముందు అనేశారు. ఉరి గురించి మాట్లాడుతున్నప్పుడు ఈ నేపథ్యం మరిచిపోకూడదు. జనం ఉరిని కోర్టు వేసే శిక్షగా అడుగుతున్నారా, ఎన్‌కౌంటర్ జరగనప్పుడు దాని బదులుగా అడుగుతున్నారా అన్నది అన్నిసార్లూ తేలదు.

ఉరి కావాలనేవారి మాట

దీన్ని ఆవేశమని కొట్టిపారేయడం అన్యాయం. ఈ పక్షంలో బలమైన వాదనలు మూడున్నాయి.

మొదటిది తగిన శిక్ష అన్న న్యాయం. ప్రతిఘటించలేని, అర్థం చేసుకోలేని, చెప్పుకోలేని ప్రాణి మీద చేసిన నేరాన్ని మామూలు హత్యతో సమానంగా తూచలేమంటారు. 1983 నాటి మఛ్ఛీ సింగ్ తీర్పు కూడా బాధితులు అమాయక పసివాళ్లైతే ఉరికి అదొక కారణం కావచ్చంది. కోయంబత్తూరులో 2010లో స్కూలుకు బయల్దేరిన అక్కాతమ్ముళ్లను అపహరించి చంపిన కేసులో సుప్రీంకోర్టు 2019లో ఉరిని ఖరారు చేసింది, అదీ ముగ్గురిలో ఇద్దరు జడ్జీల మెజారిటీతో. వెనక్కి వెళ్తే, 1978లో ఢిల్లీలో అక్కాతమ్ముళ్లను చంపిన రంగా, బిల్లాలను 1982లో ఉరి తీసినప్పుడు దేశంలో పెద్దగా ఎవరూ అభ్యంతరపెట్టలేదు.

రెండోది యావజ్జీవం మీద అపనమ్మకం. ఇది తేలిగ్గా తోసేయగల మాట కాదు. 2022 ఆగస్టు 15న గుజరాత్‌లో, 2002 అల్లర్ల నాటి బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం కేసు దోషులు పదకొండు మందిని శిక్షాకాలం తగ్గించి వదిలిపెట్టారు. ఆ ఘోరంలో మూడేళ్ల పసిపిల్ల కూడా హతమైంది. బయటికొచ్చినవాళ్లకు దండలు వేసి స్వాగతం చెప్పారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసి మళ్లీ జైలుకు పంపింది. అయినా చూసినవాళ్ల మనసులో పడ్డది ఒక్కటే: జైలంటే ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకునే తలుపు. ఉరి కావాలనేవారిలో చాలామందిని కదిపి చూస్తే అడుగుతున్నది ప్రాణం తీయమని కాదు, వాడు మళ్లీ మా వీధిలోకి రాకూడదని.

మూడోది భయం. దాని సంగతి విడిగా చూడాలి.

వద్దనేవారు ఒక్కటి కారు

బయటినుంచి చూస్తే ఒకే శిబిరంలా ఉంటారు గానీ, వీళ్లలోనూ మూడు జట్లున్నాయి. వాళ్లకు పరస్పరం పెద్దగా సంబంధం లేదు. ఏ నేరానికైనా రాజ్యానికి ప్రాణం తీసే హక్కు లేదనేవారు ఒకరు. వారికి ఈ నేరం ప్రత్యేకం కాదు, అందుకే వారి వాదన పాప ఫొటో ముందు తేలిపోతుంది. మహిళా సంఘాలు రెండోవారు. వారి అభ్యంతరం లోతైనది. అత్యాచారానికి మరణమే తగిన శిక్ష అనడంలో, ఆ పిల్ల బతుకు ఇక బతుకే కాదన్న పాత నమ్మకం దాక్కుని ఉందంటారు. పిల్ల బతికే ఉంది, రేపు బడికి వెళ్తుంది, పెరుగుతుంది. చట్టం మాత్రం ఆమెను చనిపోయినవారితో జమకడుతోంది.

మూడోవారు పిల్లలతో నేరుగా పనిచేసేవారు. టీవీల్లో తక్కువగా కనిపిస్తారు. తూకంలో అందరికన్నా బరువైన మాట వీరిదేనని నా అంచనా.

నేరస్థలం ఇల్లే అయినప్పుడు

కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో పదమూడు రాష్ట్రాల్లో పన్నెండు వేలకు పైగా పిల్లలతో చేయించిన అధ్యయనంలో సగానికి పైగా, 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. జాతీయ నేర గణాంకాలు చూస్తే, పోక్సో కింద నమోదైన లైంగిక దాడి కేసుల్లో నిందితుడు పిల్లకు తెలిసినవాడే అయినవి ఏటా నూటికి తొంభై అయిదు దరిదాపుల్లో ఉంటాయి. తండ్రి, మారుటి తండ్రి, బాబాయి, మేనమామ, పక్కింటి అన్న, ట్యూషన్ సారు, ఆటో అంకుల్. కొవ్వొత్తులు వెలిగించేది మిగతా అయిదుగురి కోసం.

ఇప్పుడు ఉరి అన్న మాటను ఆ ఇంట్లోకి తీసుకెళ్లి చూడాలి. ఎనిమిదేళ్ల పిల్ల స్నానం చేయించుకోనని మొండికేస్తుంది. తల్లి నాలుగుసార్లు అడిగాక పిల్ల నోట ఒక పేరు వస్తుంది. ఆ పేరు గలవాడు ఇంటికి బియ్యం తెచ్చేవాడు. తల్లికి ముందుగా గుర్తొచ్చేది పోలీస్‌స్టేషన్ కాదు, అత్తగారి మొహం. తర్వాత ఇంటి అద్దె, పెళ్లి కావాల్సిన ఆడబిడ్డ. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని, 'బయటికి పొక్కితే ఈ పిల్లను ఎవరు చేసుకుంటారమ్మా, రేపు దాని పెళ్లి నువ్వే చేయాలి గదా' అంటుంది. ఇన్నాళ్లూ అక్కడితో ఆగేది. 2018 తర్వాత ఇంకో మాట చేరే వీలు కలిగింది: 'నాన్నను ఉరికంబం ఎక్కిస్తావా?' ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టగలిగేది ఒక్క ఆ పిల్ల. ఆ పిల్ల నోటి మీదే ఈ బరువు పడుతుంది.

చట్టం చేయాల్సిన పని చట్టం కొంత చేసింది. సంగతి తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదీ నేరమే. పోలీసులు యూనిఫాం లేకుండా, పిల్ల ఉన్నచోటికే వెళ్లి, వీలైనంతవరకు మహిళా ఎస్సై చేత స్టేట్‌మెంట్ తీసుకోవాలి. కోర్టులో నిందితుడు పిల్ల కంట పడకూడదు. డిఫెన్స్ లాయర్ ప్రశ్నలు జడ్జికి ఇస్తే జడ్జే పిల్లను అడగాలి. మధ్యమధ్య విరామం ఇవ్వాలి. కేసు కోర్టుకెక్కిన ముప్పై రోజుల్లో పిల్ల సాక్ష్యం, ఏడాదిలో విచారణ ముగియాలి. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం వైద్య పరీక్ష, కౌన్సెలింగ్, స్టేట్‌మెంట్ అన్నిటినీ ఒకే కప్పు కిందికి తెచ్చే ప్రయత్నం. కానీ కోర్టు వాయిదాల మధ్య నెలలన్నీ పిల్ల గడిపేది ఆ ఇంట్లోనే, నాయనమ్మ ఉన్న ఇంట్లోనే. తెర కోర్టు హాల్లో ఉంటుంది, ఇంట్లో ఉండదు. ఆ నెలల్లోనే పెద్దమనుషులు కూర్చుంటారు, రాజీ మాట వస్తుంది, పిల్ల కోర్టులో తెలియదంటుంది.

ఉరి కావాలనేవారు దీనికి ఒక జవాబిస్తారు: ఇరవై ఏళ్ల జైలన్నా ఇల్లు కూలుతుంది కదా, ఉరి వల్ల కొత్తగా వచ్చిన నష్టమేమిటి? సరైన ప్రశ్నే. అసలు 2018కి ముందు కూడా సాక్ష్యాలు తిరగబడుతూనే ఉన్నాయి. ఉరి వల్ల ఫిర్యాదులు ఎంత తగ్గాయో చూపే లెక్క ఇరుపక్షాల దగ్గరా లేదు. ప్రాణంతో వదిలితే సాక్ష్యం చెబుతుంది కనుక చంపేస్తాడన్న వాదన సంగతీ అంతే. వినడానికి నమ్మదగ్గదిగానే ఉంటుంది, కానీ చంపేవాడు శిక్ష ఎంతని లెక్కవేసి చంపుతున్నాడా, గుర్తుపడుతుందన్న భయంతో చంపుతున్నాడా అంటే రెండోదే నిజమనిపిస్తుంది. ఆ భయం ఉరి లేకపోయినా ఉంటుంది.

భయానికి లెక్క ఉందా

మరణశిక్ష నేరాలను ఆపుతుందా అన్నదాని మీద అమెరికాలో దశాబ్దాలపాటు పరిశోధనలు జరిగాయి. వాటన్నిటినీ వడగట్టి 2012లో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్, హత్యల మీద మరణశిక్ష ప్రభావం ఇంత అని చెప్పడానికి ఆ అధ్యయనాలు పనికిరావని తేల్చింది. తగ్గిస్తుందనీ అనలేదు, తగ్గించదనీ అనలేదు. ఉరి వద్దనేవారు ఈ నివేదికను తమ గెలుపుగా చెప్పుకోవడం కూడా సరికాదు.

పాకిస్తాన్ ఉదాహరణ మనకు దగ్గరిది. 2018 జనవరిలో కసూర్‌లో ఆరేడేళ్ల పాపను చంపినవాడిని అదే ఏడాది అక్టోబర్‌లో ఉరి తీశారు. ఇంతకన్నా వేగం కోరుకోలేం. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో అదే కసూర్ జిల్లాలో, చునియాన్‌లో, ముగ్గురు పిల్లల శవాలు దొరికాయి. ఒక్క జిల్లాతో సిద్ధాంతం కట్టలేం గానీ, ఉరి తీస్తే ఆ ఊళ్లోనైనా భయం పుట్టాలి కదా అన్న మాటకు ఇది ఎదురు సాక్ష్యం.

మన దగ్గర నిలదీయాల్సిన లెక్క వేరే ఉంది. 2019లో సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టి రాష్ట్రాల నుంచి వివరాలు తెప్పించుకుంది. ఆ ఏడాది జనవరి 1 నుంచి జూన్ 30 దాకా నమోదైన బాలల లైంగిక దాడి కేసులు 24,212. వాటిలో విచారణ పూర్తయినవి 911. దొరికితే ఉరి అన్న భయం పనిచేయాలంటే ముందు దొరుకుతానన్న నమ్మకం కలగాలి. ఆ తర్వాతే ఫాస్ట్‌ట్రాక్ ప్రత్యేక కోర్టుల పథకం వచ్చింది. దేశవ్యాప్తంగా 1,023 కోర్టులు పెట్టాలనుకున్నారు, వాటిలో 389 పోక్సోకే. ఉరి చట్టం కోసం పట్టిన శ్రద్ధలో పదోవంతు ఆ కోర్టుల మీదా, ఫోరెన్సిక్ ల్యాబుల మీదా పెట్టి ఉంటే ఎలా ఉండేదో.

తప్పు పడితే

ఈ రకం కేసుల్లో ఒత్తిడి ఎక్కువ. ఊరు రోడ్డు మీద ఉంటుంది, టీవీ వ్యాన్ ఆస్పత్రి ముందు ఉంటుంది, ఎస్పీకి ఫోన్లు. నిందితుడు దొరకడం అత్యవసరం అవుతుంది, సరైనవాడు దొరకడం దాని వెనక నిలబడుతుంది. 2003లో మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర ఒక కుటుంబంపై దాడి జరిగింది. అయిదుగురు హతులయ్యారు, తల్లి మీదా పదిహేనేళ్ల కూతురి మీదా అత్యాచారం జరిగింది. ఆరుగురిని పట్టుకున్నారు. 2009లో సుప్రీంకోర్టు ముగ్గురి ఉరిని ఖరారు చేయడమే కాక, హైకోర్టు యావజ్జీవానికి తగ్గించిన మిగతా ముగ్గురికీ ఉరి వేసింది. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని వదిలేసి తలా అయిదు లక్షలు పరిహారం ఇమ్మంది. వారిలో ఒకడు నేరం నాటికి మైనర్. విజయవాడ దగ్గర హాస్టల్‌లో 2007లో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థిని కేసు తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. దోషిగా తేలి, జైల్లో మొత్తం ఎనిమిదేళ్లకు పైగా గడిపినవాడిని 2017లో హైకోర్టు నిర్దోషి అంది. అతనికి పడ్డది యావజ్జీవం కనుక, విడుదల చేయడానికి మనిషి మిగిలి ఉన్నాడు.

2000 నుంచి 2015 దాకా ట్రయల్ కోర్టులు వేసిన మరణశిక్షల్లో పైకోర్టుల దాకా నిలిచినవి నూటికి అయిదు కూడా లేవని ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ బృందం 2016లో లెక్కగట్టింది. ఉరిశిక్ష పడ్డవారిలో నూటికి 74 మంది ఆర్థికంగా బలహీనులని కూడా ఆ అధ్యయనం చెప్పింది. ఆ బృందం ఇప్పుడు హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో పనిచేస్తోంది. వారి లెక్క ప్రకారం 2023లో ట్రయల్ కోర్టులు 120 ఉరిశిక్షలు వేశాయి, సగానికి పైగా లైంగిక నేరాలు ఉన్న కేసుల్లోనే. ఆ ఏడాది సుప్రీంకోర్టు ఒక్క ఉరినీ ఖరారు చేయలేదు. కింద కోర్టు జనం వైపు చూస్తోంది, పైకోర్టు రికార్డు వైపు చూస్తోంది. మధ్యలో పాప తల్లిదండ్రులు ఒకసారి గెలిచి రెండోసారి ఓడుతున్నారు.

హత్య జరగని కేసులో ఉరి ఎలా నడుస్తుందో చూడాలంటే మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌కు వెళ్లాలి. 2018 జూన్‌లో స్కూలు బయట నుంచి ఎత్తుకెళ్లిన చిన్నపిల్లను గొంతు కోసి వదిలేశారు. పిల్ల బతికింది. రెండు నెలల్లో ఇద్దరికి ఉరి పడింది, 2021లో హైకోర్టు ఖరారు చేసింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, డీఎన్‌ఏ నివేదిక తయారుచేసిన నిపుణులను సాక్షులుగా విచారించనే లేదని చెప్పి తీర్పును పక్కనపెట్టి, కేసును మళ్లీ కింద కోర్టుకు పంపింది. రెండు నెలల వేగం మిగిల్చిన బాకీని ఆరున్నరేళ్ల తర్వాత తీర్చమంది.

అమెరికా నుంచి ఒక పాఠం, సగం

2008లో కెన్నెడీ వర్సెస్ లూసియానా కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో, పిల్ల చనిపోని పక్షంలో అత్యాచారానికి మరణశిక్ష రాజ్యాంగ విరుద్ధమంది. నిందితుడు ఎనిమిదేళ్ల పిల్లకు మారుటి తండ్రి. ఆ పిల్ల మొదట్లో వేరేవాళ్లు చేశారని చెప్పింది. పసివాళ్ల సాక్ష్యం మీద ప్రాణం తీయడం ప్రమాదమనీ, మరణశిక్ష వల్ల ఇంట్లో నేరాలు మరింత దాగిపోతాయనీ కోర్టు అంది. దాని వెనక ఇంకో చరిత్ర ఉంది. 1930 నుంచి 1964 దాకా అక్కడ అత్యాచార నేరానికి 455 మందిని చంపితే అందులో 405 మంది నల్లజాతివారు. కథ అక్కడితో ముగియలేదు. ఫ్లోరిడా 2023లో, టెనెసీ 2024లో, ఐడహో 2025లో ఆ తీర్పును సవాలు చేసే ఉద్దేశంతోనే కొత్త చట్టాలు చేశాయి. మన దగ్గర ఈ తీర్పును తరచూ ఉదాహరిస్తారు, ఆ కొత్త చట్టాల మాట ఎత్తరు. ఇక బంగ్లాదేశ్ 2020లో అత్యాచారానికే ఉరి చేర్చింది, అదీ వీధుల్లో జనం నిలబడ్డ వారాల్లోనే.

ఇంకా తేలనివి

అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగింది పోక్సో ఆరో సెక్షన్ పరిధి మీద. 'తీవ్రతరమైన దాడి' అనగానే పసిపాప గుర్తొస్తుంది. చట్టంలో ఆ మాట కింద చాలా ఉన్నాయి. పన్నెండేళ్లలోపు పిల్ల, దగ్గరి బంధువు, టీచరు, పోలీసు ఉన్నారు సరే. ఒకసారి కంటే ఎక్కువ జరిగినా, బాలిక గర్భవతి అయినా అదే సెక్షన్. అంటే పదిహేడేళ్ల అమ్మాయి పంతొమ్మిదేళ్ల అబ్బాయితో ఇష్టపడి వెళ్లిపోయి గర్భవతి అయితే, తల్లిదండ్రులు కేసు పెడితే, ఆ అబ్బాయి కూడా కనీసం ఇరవై ఏళ్ల శిక్ష ఉన్న చోట నిలబడతాడు, పేరుకు ఉరి కూడా ఉన్న చోట. ఏ జడ్జీ అతనికి ఉరి వేయడు. అయితే ఇరవై ఏళ్ల కన్నా తగ్గించే అధికారమూ జడ్జికి లేదు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టుల తీర్పులు ఏడు వేలకు పైగా పరిశీలించిన ఎన్‌ఫోల్డ్ సంస్థ, నాలుగింట ఒకటి ఇలాంటి ప్రేమ వ్యవహారాలేనని తేల్చింది. తెలుగు జిల్లాల్లో ఇలాంటి కేసులు ఎరగని పోక్సో కోర్టు ఉండదు. ఉరి చట్టాన్ని సమర్థించేవారు కూడా ఈ గీతను సరిదిద్దమని అడగవచ్చు, ఇంతవరకూ గట్టిగా అడగలేదు.

యావజ్జీవం మీద అపనమ్మకానికి కోర్టులే ఒక దారి చూపించాయి. 2008లో శ్రద్ధానంద కేసులోనూ, 2015లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పులోనూ, శిక్ష తగ్గింపు లేకుండా ఇరవై అయిదేళ్లో, ముప్పై ఏళ్లో, బతికినంతకాలమో జైలని వేయవచ్చన్నారు. హనుమకొండ కేసులో హైకోర్టు వేసింది అలాంటిదే. ఉరి అడిగే తల్లిదండ్రుల్లో ఎందరికి ఇది సరిపోతుందో ఎవరూ పద్ధతిగా అడిగి చూడలేదు. ఆ సమాధానం తెలిస్తే చర్చలో సగం వేడి చల్లారవచ్చు, ఇంకా పెరగనూ వచ్చు.

ఉరి వేసే ముందు నేరస్థుడి నేపథ్యాన్ని ఎలా సేకరించాలి, ఎంత సమయం ఇవ్వాలి అన్నదీ పూర్తిగా స్థిరపడలేదు. 2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఈ అంశాన్ని అయిదుగురు జడ్జీల ధర్మాసనానికి నివేదించింది. కొత్త మార్గదర్శకాలు పాత కేసులకు కూడా వర్తిస్తాయా అన్నది నాగపూర్ కేసులో తేలాల్సి వచ్చింది. 2008లో అక్కడ నాలుగేళ్ల పాపపై అత్యాచారం చేసి చంపినవాడి ఉరిని సుప్రీంకోర్టు 2014లో ఖరారు చేసింది, 2017లో రివ్యూ కొట్టేసింది. 2023లో రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించారు. ఇక మిగిలింది తేదీ నిర్ణయించడమే అనుకున్నాక, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మనోజ్ తీర్పు ప్రకారం శిక్షను మళ్లీ మొదటినుంచి పరిశీలించాలంది. నేరం చేశాడా లేదా అన్నది కాదు, ఏ శిక్ష వేయాలన్నదే. ఆ పాప బతికి ఉంటే అప్పటికి ఇరవై ఒక్కేళ్లు నిండి ఉండేవి.